మండీ లెక్కల యాప్ కొత్తగా రాస్తున్నాం: రియాక్ట్, వ్యూ, యాంగ్యులర్, స్వెల్ట్‌లో ఏది?

మదనపల్లె_మనిషి
మంగళవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. యశవంతపుర యార్డులో ఎర్రగడ్డ, ఉర్లగడ్డ మండీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ మాది. మొత్తం ఐదుగురం. ఇప్పుడు నడుస్తున్నది తొమ్మిదేళ్ళ నాటి జేక్వెరీ (పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కోడ్. తిరగరాయాలన్నది ఖాయమైంది. బ్రౌజర్‌లో తెరలు కట్టడానికి వాడే ఈ నాలుగు జావాస్క్రిప్ట్ సరంజామాల్లో దేంతో రాయాలో మాత్రం తెగడం లేదు.

పని ఇదీ. తెల్లారేసరికి లారీలు దిగుతాయి. గుమాస్తా ఫోన్‌లో రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం ఎక్కిస్తాడు. వేలం అయ్యాక రేటు కొడతాడు. హమాలీ, బాడుగ పోను ఎంత వస్తుందో పట్టీ (లెక్క చీటీ) రాసి రైతు చేతిలో పెట్టాలి. పెద్ద మండీలో ఒక పూటకి మూడు నాలుగొందల లాట్లు ఒకే తెరమీద ఉంటాయి. ఫోన్లు ఏడెనిమిది వేల రూపాయలవి. గుమాస్తాల్లో సగం మంది కర్నూలు, అనంతపురం వైపు వాళ్ళు, పేర్లు తెలుగులోనే టైప్ చేస్తారు. మిగతావాళ్ళు కన్నడంలో.

మాలో ఇద్దరికి రియాక్ట్ బాగా వచ్చు. ఒకమ్మాయి నాలుగేళ్ళు యాంగ్యులర్ మీద చేసింది. ఒక కుర్రాడు ఈ ఏడే కాలేజీ నుంచి వచ్చాడు. నాకు అన్నీ కొంచెం కొంచెం. మా ఓనరు "ఊరంతా ఏది వాడితే అదే పెట్టు" అంటాడు. ఊరంతా వాడేది మా గుమాస్తాకి సరిపోతుందా అన్నదే నా దిగులు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


కోరమంగళ_కోడర్
మంగళవారం, రాత్రి 11:05

రియాక్ట్ పెట్టెయ్ బ్రో. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టింది, ఇన్నేళ్ళయినా దాని చుట్టూ ఉన్న సరంజామా ఇంకొకదానికి లేదు. నీకు క్యాలెండర్ కావాలా, టేబుల్ కావాలా, చార్ట్ కావాలా, ఎవరో ఒకరు చేసిపెట్టి ఉంటారు. రేపు యాప్ స్టోర్‌లో పెట్టాలంటే రియాక్ట్ నేటివ్ ఉంది. అన్నిటికంటే ముఖ్యం, మీ ఇద్దరు సీనియర్లలో ఒకరు రాజీనామా పెడితే ఈ ఊళ్ళో రెండు వారాల్లో ఇంకొకరు దొరుకుతారు. స్వెల్ట్ తెలిసినవాడి కోసం ఎన్ని నెలలు చూస్తావు?


హెచ్ఎస్ఆర్_అక్క
బుధవారం, ఉదయం 7:50

మదనపల్లె గారూ, ఆ యాంగ్యులర్ అమ్మాయిని అడిగారా? మీ పోస్టులో ఓనరు మాట ఉంది, మీ మాట ఉంది, ఆమె మాట లేదు.

నేను ఎనిమిదేళ్ళుగా యాంగ్యులర్ మీదే ఉన్నాను. మీరు చెప్పిన తెర నిండా ఫారాలే. యాంగ్యులర్‌లో రూటరు (ఏ తెర చూపించాలో చూసేది), ఫారాలు, సర్వర్‌తో మాట్లాడే భాగం అన్నీ ఒకే ఇంటివి, ఒకే టీము రాసినవి. రియాక్ట్‌లో ఒక్కొక్కటీ మీరే ఏరుకోవాలి. ఐదుగురు ఉన్నచోట ఆ ఏరుకోవడమే నెల తింటుంది, తర్వాత ఆ ఏరినవాడు వెళ్ళిపోతాడు. ఆరు నెలలకొక పెద్ద వెర్షన్ వస్తుందని భయపెడతారు గానీ, అప్‌డేట్ కమాండ్ ఇస్తే చాలావరకు కోడ్‌ని అదే మార్చుకుంటుంది. 2023లో 16వ వెర్షన్ నుంచి సిగ్నల్స్ (మారే విలువల్ని కనిపెట్టుకుని ఉండే పద్ధతి) మొదలయ్యాక రాయడం కూడా బాగా తేలికయ్యింది.

ఒప్పుకోవాల్సింది కూడా చెబుతాను. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడికి టైప్‌స్క్రిప్ట్, డిపెండెన్సీ ఇంజెక్షన్, ఆర్ఎక్స్‌జేఎస్ అనే మూడు కొత్త పాఠాలు ఒకేసారి మీద పడతాయి. మొదటి రెండు నెలలు పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు ఉండాలి.


పాతకాపు
బుధవారం, మధ్యాహ్నం 1:20

ఈ ప్రశ్న బెంగళూరులో నేను చూడటం ఇది నాలుగోసారి. పేర్లు మారుతుంటాయి.

2006లో జేక్వెరీ వచ్చింది. అలాంటిదే యాహూ వాళ్ళ లైబ్రరీ వైయూఐ కూడా ఆ ఏడాదే బయటివాళ్ళకు ఇచ్చారు. అప్పుడు నేను పనిచేసిన చోట వైయూఐ ఎంచుకున్నాం. వెనక అంత పెద్ద కంపెనీ ఉంది కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాం. 2014 ఆగస్టులో ఇక దానిమీద కొత్త పని చెయ్యం అని ప్రకటించారు. మా దగ్గర అప్పటికి వందకు పైగా తెరలు దానిమీదే ఉన్నాయి. వాటిని మార్చిన ఏడాది పైన కస్టమరుకి కొత్తది ఒక్కటి కూడా ఇవ్వలేకపోయాం. సగం మంది విసిగి వెళ్ళిపోయారు.

తర్వాత ఇంకో కంపెనీలో యాంగ్యులర్‌జేఎస్, అంటే యాంగ్యులర్ మొదటి రూపం. 2016 సెప్టెంబరులో వచ్చిన యాంగ్యులర్ 2 దానికి పేరులోనే చుట్టం. పాతదానికి 2021 డిసెంబరు 31తో నీళ్ళు వదిలేశారు. వ్యూ 2కి కూడా 2023 డిసెంబరు 31తో అదే జరిగింది. ఈ విషయంలో రియాక్ట్‌ని మెచ్చుకోవాలి: 2019 ఫిబ్రవరిలో 16.8తో హుక్స్ అనే కొత్త రాసే పద్ధతి వచ్చినా, అంతకుముందు పాత పద్ధతిలో రాసిన క్లాస్ కాంపోనెంట్లు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. అయితే దాని చుట్టూ ఉన్నవి నిలబడవు. ఏళ్ళ తరబడి అందరూ మొదలుపెట్టిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టేశారు.

అందుకని నా మాట ఒకటే. లైబ్రరీ ఏదైనా పెట్టండి, పట్టీ లెక్క మాత్రం దాంట్లో కలపకండి. తూకం, తరుగు, రేటు, హమాలీ, బాడుగ, ఈ లెక్కంతా మామూలు జావాస్క్రిప్ట్ ఫంక్షన్లుగా విడిగా ఒక ఫైల్లో ఉండాలి. అందులో ఒక్క ఇంపోర్ట్ కూడా తెరకు సంబంధించింది ఉండకూడదు. వైయూఐ పోయినప్పుడు మాకు చెక్కుచెదరకుండా మిగిలింది అలాంటి ఫైలు ఒక్కటే. పన్నుల లెక్క అది. రాసినాయన అప్పట్లో అందరి చేతా తిట్లు తిన్నాడు, ఇంత చాదస్తం ఎందుకని.


ఓరుగల్లు_పోరడు
బుధవారం, రాత్రి 9:15

అన్నా, ఫోన్ల సంగతి ఎవ్వరు మాట్లాడ్తలేరేంది? ఎనిమిది వేల ఫోన్ల రియాక్ట్, రియాక్ట్ డామ్ రెండు కలిపి జిప్ చేసినాక గూడ నలభై కేబీ దాటుతయి. అది నీ కోడ్ ఒక్క లైను రాయకముందు లెక్క. డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, ఆ చిన్న ప్రాసెసర్ దాన్ని చదివి నడిపియ్యాలె.

స్వెల్ట్ సూడు. గది కంపైలర్. నువ్వు రాసిందాన్ని బిల్డ్ అప్పుడే నేరుగ డామ్‌ని (అంటె బ్రౌజర్ల ఉన్న పేజీని) మార్చే కోడ్‌గ మారుస్తది. వర్చువల్ డామ్ అనే నకలు పెట్టుకొని పాతదానికి కొత్తదానికి తేడా ఎతికే పని ఉండది. ఒక లాటు రేటు మారితే ఆ గడి ఒక్కటే మారుతది. 2024 అక్టోబర్ల స్వెల్ట్ 5 వచ్చింది, రూన్స్ అనే గుర్తుల తోని ఏది మారే విలువో కోడ్ సూస్తెనే తెలుస్తది. మా దగ్గర హెచ్‌టీఎంఎల్ తప్ప ఏం రాని పిల్లగాడు నాలుగు రోజులల్ల పనిల వడ్డడు. నాకు గదాని మీద నిజంగ ప్రేమ ఉన్నది, దాస్తలేను.


కోరమంగళ_కోడర్
బుధవారం, రాత్రి 9:40

పోరడన్నా, నాలుగొందల వరుసలకి ఆ తేడా కంటికి కనబడదు. తెరమీద కనబడే పదిహేను వరుసలే గీసే పద్ధతి పెట్టుకుంటే ఏ లైబ్రరీ అయినా ఒకటే. సైజే సమస్యైతే ప్రియాక్ట్ ఉంది, మూడు నాలుగు కేబీ, రాసే తీరు అదే. పైగా 2025 అక్టోబరులో రియాక్ట్ కంపైలర్ 1.0 వచ్చింది, మెమో గొడవ (అనవసరంగా మళ్ళీ లెక్కకట్టకుండా ఆపే పని) చాలావరకు అదే చూసుకుంటుంది.


గోదారిగట్టు
గురువారం, ఉదయం 6:30

వేగం కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయండి. రెండూ నా చేతిమీదుగా జరిగినవే.

మొదటిది. రొయ్యల కొనుగోలు యాప్ ఒకటి రాశాం. వరుసలకి కీ (ఏ వరుస ఏదో లైబ్రరీ గుర్తుపట్టే గుర్తు) కింద ఇండెక్స్ ఇచ్చేశాడు మావాడు. అంటే మొదటి వరుసకి 0, రెండోదానికి 1. కొత్త లాటు పైన చేరింది. అప్పటికి టైప్ చేసి సేవ్ చెయ్యని తూకం, తన వరుసతోపాటు కిందకి జరగకుండా అదే స్థానంలో ఉండిపోయింది. ఒక రైతు తూకం ఇంకొకాయన పేరు పక్కన కూర్చుంది. ఎర్రర్ రాలేదు, రంగు మారలేదు. సాయంత్రం డబ్బులు లెక్కపెట్టుకున్న రైతు వచ్చి నిలదీస్తే గానీ మాకు తెలియలేదు. ఆయన మొహం చూడలేకపోయానండి. మాది రియాక్ట్, కానీ వ్యూలోనూ స్వెల్ట్‌లోనూ ఇదే తప్పు ఇలాగే చెయ్యొచ్చు. లాటు నంబరే కీ కావాలి. మీరు ఏది ఎంచుకున్నా మొదటి రోజే ఈ నియమం గోడమీద రాసి పెట్టండి.

రెండోది తెలుగు టైపింగు. ఫోన్ కీబోర్డులో తెలుగు పదం కొడుతున్నంతసేపూ అది ఇంకా తయారవుతున్న పదమే, కింద గీతతో కనిపిస్తుంది చూడండి. వ్యూలో వీ-మోడల్ (గడిలో కొట్టింది విలువలోకి చేర్చే సదుపాయం) పెడితే ఆ పదం పూర్తయ్యేదాకా విలువ మారదు. ఇది బగ్ కాదండి, కావాలని చేసిందే, చైనా, జపాన్, కొరియా భాషల కోసమని వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. కానీ గుమాస్తా "వెం" అనగానే వెంకటేశుల జాబితా రావాలంటే రాదు, స్పేస్ కొట్టాక వస్తుంది. దానికి వీ-మోడల్ మానేసి, విలువని విడిగా బైండ్ చేసి, ఇన్‌పుట్ ఈవెంట్‌ని మనమే పట్టుకోవాలి. రెండు లైన్ల పని, తెలిస్తే. తెలియక మేం కీబోర్డుని అనుమానించి మూడు రోజులు పాడుచేశాం. కంప్యూటరు మీద ఇంగ్లీషులో "వెంకట్" అని కొట్టి అంతా బాగుందనుకుంటే ఇలాంటివి పట్టుబడవు.


సిల్క్‌బోర్డ్_సిగ్నల్
గురువారం, ఉదయం 11:10

గోదారిగట్టు గారి మాటకి కొనసాగింపు. లైబ్రరీ గురించి ఇంత మాట్లాడుతున్నాం, గుమాస్తా కంటికి కనబడేది కాంపోనెంట్ కిట్, అంటే ముందే తయారుచేసి ఇచ్చే బటన్లు, జాబితాల మూట. దాని బటన్లు, జాబితాలు ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి కొలిచినవి. లైన్ ఎత్తు ఒకటి అని పెట్టి, బయటికి వచ్చింది కత్తిరించమని రాసి ఉంటుంది. "రాష్ట్రం" రాయండి, కింద ట, ర ఒత్తులు తెగిపోతాయి. "ఉత్పత్తి"లో ఒత్తులదీ అదే గతి. పేరులో మొదటి అక్షరం గుండ్రంలో చూపించే బొమ్మ ఉంటుందే, దానికి "శ్రీనివాసులు" ఇస్తే వట్టి "శ" వస్తుంది, "కృష్ణమ్మ"కి "క" వస్తుంది. సొంత పేరు అలా చూస్తే ఎవరికైనా బాధే.

అందుకని కిట్ ఎంచుకునేటప్పుడు దాని కోడ్ మన చేతిలో ఉండేలా చూసుకోండి. పూర్తిగా వేరేవాళ్ళ చేతిలో పెడితే ఏమవుతుందో 2018 డిసెంబరు 25న లోకమంతా చూసింది: యాంట్ డిజైన్ అనే కిట్ కొన్ని వెర్షన్లలో దాచిపెట్టిన కోడ్ వల్ల ఆ రోజు బటన్ల మీద మంచు పేరుకుంది. క్రిస్మస్ సరదాకి చేశారు. ఆ కిట్ వాడుతున్న సైట్లవాళ్ళకి ఆ సంగతే తెలియదు. తర్వాత క్షమాపణ చెప్పారనుకోండి.


ఎలక్ట్రానిక్_సిటీ_రాత్రి
గురువారం, మధ్యాహ్నం 3:00

అసలు ఇవేవీ అక్కర్లేదేమో ఆలోచించారా? సర్వరు నుంచే పేజీ పంపించి, అవసరమైన ముక్క మాత్రం మార్చే హెచ్‌టీఎంఎక్స్ లాంటిది చాలదా?


మదనపల్లె_మనిషి
గురువారం, రాత్రి 10:15

రాత్రి అన్నా, యార్డులో సిగ్నల్ పోయిపోయి వస్తుంటుంది. లాటు ఎక్కించేటప్పుడు నెట్ లేకపోయినా తెర ఆగకూడదు. ప్రతి నొక్కుకీ సర్వరు దాకా వెళ్ళే పద్ధతి మాకు కుదరదు.

మిగతా అందరికీ చేతులెత్తి దండం. అక్క అడిగాక ఆ అమ్మాయిని అడిగాను. ఆమె చెప్పింది నేను అసలు ఊహించలేదు: "యాంగ్యులరే కావాలని నాకేం లేదు సార్, టెంప్లేటు హెచ్‌టీఎంఎల్ లాగా ఉండాలి, జావాస్క్రిప్ట్ మధ్యలో ట్యాగులు చదవడం నాకు కష్టం" అంది.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. పాతది ఆపి కొత్తది ఒకేసారి పెట్టలేం. సరుకు రాక ఎక్కువున్న నెలల్లో మండీవాళ్ళు తెరలో బటన్ జరిగినా ఒప్పుకోరు. ఒక్కో తెర మార్చుకుంటూ పోవాలి.


హెచ్ఎస్ఆర్_అక్క
గురువారం, రాత్రి 10:50

అలాగైతే నేనే యాంగ్యులర్‌ని వెనక్కి తీసుకుంటాను. పాత జేక్వెరీ పేజీలో ఒక మూల కూర్చోబెట్టడానికి అది బరువు. రియాక్ట్, వ్యూ రెండూ పేజీలో ఒక డివ్ (ఖాళీ పెట్టె) చూపిస్తే అందులో సర్దుకుంటాయి. వ్యూ అయితే బిల్డ్ కూడా లేకుండా ఒక స్క్రిప్ట్ ట్యాగ్‌తో మొదలుపెట్టొచ్చు.

ఒక పని చెయ్యండి. మీ యాప్‌లో అన్నిటికంటే కష్టమైన తెర ఒక్కటి తీసుకోండి, లాగిన్ తెర వద్దు. దాన్ని రెండింట్లోనూ రాయించండి. రాయడానికి ఎన్ని రోజులు పట్టిందో పెద్దగా పట్టించుకోకండి. రాయనివాడి చేతికి ఇచ్చి, అందులో ఒక మార్పు చెయ్యమనండి. అతనికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మీ ఐదుగురిలో ఎవరు ఎప్పుడు సెలవు పెడతారో తెలియదు, రాసినవాడు ఊళ్ళో లేనప్పుడే బగ్ వస్తుంది.


పాతకాపు
శుక్రవారం, ఉదయం 8:05

అక్క మాట పదిలంగా పట్టుకోండి. ఒకటి కలుపుతాను: రియాక్ట్‌లో సర్వరు మీద నడిచే సర్వర్ కాంపోనెంట్ల జోలికి మాత్రం అవసరం లేనిదే వెళ్ళకండి. 2025 డిసెంబరులో రియాక్ట్ సర్వర్ కాంపోనెంట్లలో బయటపడ్డ లోపానికి తీవ్రత పదికి పది ఇచ్చారు, బయటివాడు మన సర్వరు మీద తన కోడ్ నడిపించగలిగేంత లోపం. బ్రౌజర్‌లో మాత్రమే నడిచే రియాక్ట్‌కి అది తగల్లేదు. మీకు కావాల్సింది బ్రౌజర్‌లో నడిచేదే.


మదనపల్లె_మనిషి
రెండు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

చేశాం. లాట్ల తెర. సీనియర్లిద్దరూ రియాక్ట్‌లో, ఆ అమ్మాయి వ్యూలో రాశారు. స్వెల్ట్ కూడా చూద్దామనుకున్నా గానీ మూడు తెరలు రాసే మనుషులు లేరు. పోరడన్నా, ఏమనుకోవద్దు.

ముందు యార్డు సంగతి. తెల్లవారుజామున ఐదుకి వెళ్ళాం. మాకు బాగా తెలిసిన గుమాస్తా, ఆదోని ఆయన, రెండు ఫోన్లలోనూ చెరో ఇరవై లాట్లు ఎక్కించాడు. రియాక్ట్ తెరలో రేటు కొడుతుంటే అంకె వెనకబడింది, 1850 కొట్టాక ఒక్క క్షణం ఆగి 18 అని, తర్వాత మిగతాది కనబడింది. ఆయన అది పడలేదనుకుని మళ్ళీ కొట్టాడు, 185050 అయింది. కారణం మాదే: ఒక గడిలో అంకె మారితే నాలుగొందల వరుసలూ మళ్ళీ లెక్కకట్టేలా పైన పెట్టేశారు మావాళ్ళు. ఆ విలువని వరుసలోకి దించగానే సరిపోయింది. వ్యూ తెరలో రైతు పేరు జాబితా రాలేదు, గోదారిగట్టు గారు చెప్పింది చెప్పినట్టు. అది అక్కడే గోనెల మీద కూర్చుని సరిచేశాం. ఈ రెండూ ఆఫీసులో, మా ఫోన్లలో కనబడనే లేదు.

వేగంలో, ఇవి సరిచేశాక, ఆయన తేడా చెప్పలేకపోయాడు.

తర్వాత అక్క చెప్పిన పరీక్ష. మార్పు ఒకటే: ఒక లాటుని రెండుగా విడగొట్టాలి, పాత రేటు రెండింటికీ రావాలి. వ్యూ కోడ్ రియాక్ట్ సీనియర్‌కి ఇచ్చాను, అంతకుముందు వ్యూ ముట్టనివాడు. మధ్యాహ్నం భోజనానికి ముందే చేసేశాడు. రియాక్ట్ కోడ్ కుర్రాడికి ఇచ్చాను. లాటు విడిపోయింది, రేటు మాత్రం రెండోదానికి రాలేదు. యూజ్ఎఫెక్ట్ (విలువ మారినప్పుడు మళ్ళీ నడిచే ముక్క) కింద, ఏవి మారితే నడవాలో చెప్పే డిపెండెన్సీల జాబితాలో ఒక పేరు లేదు. అది కనుక్కోవడానికి వాడికి రోజంతా పట్టింది, సాయంత్రానికి కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. మర్నాడు వాడికే వ్యూ కోడ్ ఇచ్చి వేరే మార్పు చెయ్యమన్నా. రెండు గంటల్లో లేచి వచ్చి చూపించాడు.

వ్యూ 3 పెడుతున్నాం. పట్టీ లెక్క విడి ఫైల్లోకి తీసేశాం, పాత జేక్వెరీ తెరలు కూడా ఇప్పుడు ఆ ఫైలునే పిలుస్తున్నాయి.


కోరమంగళ_కోడర్
ఆదివారం, రాత్రి 8:20

నిర్ణయం నీది, గౌరవిస్తా. కానీ ఆ యూజ్ఎఫెక్ట్ అక్కడ ఉండాల్సిందే కాదు బ్రో. రేటుని నేరుగా లెక్కకట్టి చూపించాలి, ఎఫెక్ట్‌తో నకలు చేసుకోకూడదు. రియాక్ట్ డాక్యుమెంటేషన్‌లోనే దానికి ఒక పేజీ ఉంది. లింట్ (కోడ్‌లో తప్పులు చూపించే సాధనం) పెట్టి ఉంటే ఆ లోపించిన పేరుని ఎడిటరే గీత గీసి చూపించేది. నువ్వు కొలిచింది రియాక్ట్‌ని కాదు, మీ సీనియర్ల అలవాటుని.


మదనపల్లె_మనిషి
ఆదివారం, రాత్రి 8:55

నిజమే అన్నా, లింట్ పెట్టకపోవడం మా తప్పు. మా సీనియర్లూ అదే అన్నారు. కానీ నాకు దొరికే మనుషులు, వాళ్ళ అలవాట్లు ఇవే. ఆ అలవాట్లతోనే ఐదారేళ్ళు నడవాలి. కొత్తవాణ్ణి తీసుకునేటప్పుడు ఇబ్బంది పడతానని నువ్వన్నది కూడా మర్చిపోలేదు, రియాక్ట్ వచ్చినవాడినే తీసుకుని నేర్పిస్తాం. మావాడికి ఒక పూట చాలింది కదా.


ఓరుగల్లు_పోరడు
ఆదివారం, రాత్రి 9:30

ఏమనుకోను అన్నా, ఫోన్ పట్టుకొని యార్డుకు పోయినవు, గంతే చాలు. ఒక్క ముచ్చట చెప్పు: పట్టీ తెలుగుల ప్రింటు ఎట్ల తీస్తున్నరు? మా దగ్గర థర్మల్ ప్రింటర్ల తెలుగు పంపితె అన్ని ప్రశ్న గుర్తులే వస్తున్నయి.


మదనపల్లె_మనిషి
ఆదివారం, రాత్రి 9:50

ఆ ప్రింటర్లలో తెలుగు ఫాంటు ఉండదు అన్నా, ఒత్తులు కలపడం వాటికి రాదు. పట్టీ మొత్తం కాన్వాస్ (బ్రౌజర్‌లో బొమ్మలు గీసే చోటు) మీద గీసి, బొమ్మగా పంపుతాం. 58 మిల్లీమీటర్ల కాగితానికి 384 చుక్కల వెడల్పు. అక్షరం మరీ చిన్నదైతే ఒత్తులు మసకగా పడతాయి, అందుకని రైతు పేరు, చేతికొచ్చే మొత్తం ఈ రెండూ పెద్దగా పెట్టాం. రేపు ఆఫీసుకి వెళ్ళాక ఆ కోడ్ ఇక్కడే పెడతాను.